లోడు ఎక్కకముందే ధర కాగితమెక్కాలి

(దూరప్రాంతాలకు ఇంటి సామాను తరలించేటప్పుడు జరిగే ధరల మోసాలపై పలాసలో చేసిన ప్రసంగపాఠం)

 

విద్యార్థుల ఉపకార వేతనాలు, వక్ఫ్ ఆస్తుల రక్షణ, స్వయం ఉపాధి రుణాలు వంటి విషయాలు చర్చించుకొనే ఈ వేదికపైన ఈసారి ఇల్లు మారేటప్పుడు సామాను మోసే లారీల గురించి, వాటి కిరాయిల గురించి మాట్లాడాలని మేము నిర్ణయించుకొన్నాము. ఇది హక్కుల విషయమా అని కొందరు పెద్దలు అడిగారు. ముమ్మాటికీ హక్కుల విషయమే. ఒక కుటుంబం పదిహేనేళ్లపాటు కూడబెట్టుకొన్న మంచాలు, బీరువా, కుట్టుమిషను, వంటపాత్రలు, పిల్లల పుస్తకాలు పరాయి ఊరిలో రోడ్డు పక్కన ఆగిన లారీలో ఉన్నాయి. లారీ తలుపుకు తాళం వేసి ఉన్నది. ‘ఇంకో పదివేలు ఇస్తేనే దించుతాము’ అని ఒకడు అంటున్నాడు. ఆ క్షణంలో ఆ కుటుంబానికున్న హక్కు ఏమిటి? ఆ సంగతి వారికి తెలియకపోవడమే మోసగానికి పెట్టుబడి.

మేము ఈనాడు చెప్పదలచుకొన్నది ఒక్కటే. సామాను లారీ ఎక్కిన తరువాత బేరమాడే బలం మనచేతిలో ఉండదు. కాబట్టి ధర, సామాను జాబితా, అప్పగించవలసిన తేదీ, ఈ మూడూ లోడు ఎక్కకముందే కాగితమెక్కాలి. ఇకపై చెప్పబోయేదంతా దీనికి వివరణే.

ఉద్దానం నుంచి కదిలే ఇళ్లు

ఉద్దానమంటే కొబ్బరి, జీడి, పనస తోటల సీమ అని పేరు. అయినా ఆ తోటలు అందరికీ ఏడాది పొడవునా కూడు పెట్టలేవని మనకు తెలుసు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలనుంచి పనికోసం హైదరాబాదుకు, విశాఖపట్నానికి, చెన్నైకి, భువనేశ్వర్‌కు, ముంబయికి వెళ్లేవారు ఎప్పటినుంచో ఉన్నారు. తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వరకు వెళ్లి పడవలమీద పనిచేస్తారు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతోసహా పెకలించివేసింది. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పిల్లల ఆకలికి అంత ఓపిక ఉండదు. మరోవైపు మూత్రపిండాల వ్యాధి ఉన్నది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనప్పటికీ, వైద్యంకోసం విశాఖలో అద్దెకుండే కుటుంబాలను మనం చూస్తూనే ఉన్నాము.

ఇలా కదిలే ఇళ్లలో మన ఇళ్లూ ఉన్నాయి. ఈ జిల్లాలో మన సంఖ్య బహు స్వల్పం. మెకానిక్కులు, దర్జీలు, చిల్లర వర్తకులు, చిన్న ఉద్యోగులు మనలో ఎక్కువ. మనకు అదనంగా మరొక చిక్కు కూడా ఉన్నది. నగరంలో అద్దె ఇంటికోసం వెళ్లినప్పుడు పేరు వినగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అనే యజమానులు ఉన్నారన్నది ఈ పత్రిక పాఠకులకు కొత్త సంగతి కాదు. కుదిరిందనుకొన్న ఇల్లు లారీ బయలుదేరిన తరువాత కుదరకపోవడం కూడా జరుగుతున్నది. అప్పుడు లారీ ఎక్కడ ఆగాలి? ఎన్ని రోజులు ఆగాలి? ఆ ఆగుదలకు రోజుకెంత? ఈ ప్రశ్నలకు జవాబు ముందుగా వ్రాసుకోనివారి దగ్గర అడిగినంత గుంజుకొంటారు. ఇతరులకు ఇది అసౌకర్యం మాత్రమే కావచ్చును. మనవారికి మాత్రం నెల జీతం పోగొట్టే ప్రమాదం.

మోసం నడిచే తీరు

మొదట ఒక మాట. లారీవారందరూ మోసగాళ్లు కారు. ఎండలో, వానలో బండి నడిపి, బీరువాకు గీత పడకుండా దించి, ఒప్పుకొన్న సొమ్ము మాత్రమే పుచ్చుకొని సలాము చెప్పి వెళ్లేవారే ఎక్కువమంది. వారిలో మనవారు కూడా ఉన్నారు. మోసగాడు చెడగొట్టేది వారి పేరును కూడా.

మోసం ఎక్కువగా ఫోనులో మొదలవుతుంది. సామాను తరలించే సంస్థలకోసం వెతికి ఒకచోట మన వివరాలు నింపితే, ఆ వివరాలు అనేకమందికి చేరుతాయి. పావుగంటలో పదిమంది ఫోన్ చేస్తారు. నలుగురు ఇరవై ఎనిమిది వేలు, ముప్ఫై వేలు అన్నచోట ఒకడు పదహారువేలంటాడు. ఇంటికి వచ్చి సామాను చూడడు, చూడవలసిన అవసరం లేదంటాడు. ‘ఈరోజే బుక్ చేస్తే ఈ ధర, రేపైతే లేదు’ అని తొందరపెడతాడు. యూపీఐ ద్వారా కొంత బయానా పంపమంటాడు.

ఇక్కడినుంచి మోసం రెండు దారులు పడుతుంది. మొదటిది, బయానా అందగానే ఫోను మూగబోతుంది, లారీ రాదు. ఇందులో నష్టం బయానా వరకే. రెండవది దానికన్నా ప్రమాదకరం. లారీ వస్తుంది, సామాను ఎక్కుతుంది, ఆ తరువాత ధర పెరుగుతుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవారంటారు. ఈ వ్యవహారంలో మాత్రం మాట మార్చేది ప్రయాణికుడు కాదు, ఓడవాడే. అదీ ఏరు మధ్యలో.

మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతం చెబుతాము. టెక్కలినుంచి హైదరాబాదు వెళ్లిన ఒక కుటుంబానికి ఫోనులో చెప్పిన ధర పదహారువేలు. నాలుగువేలు ముందే పంపారు. ఉదయం వస్తామన్న బండి చీకటి పడ్డాక వచ్చింది. జాబితా వ్రాయకుండానే హడావుడిగా లోడు చేశారు. చేతికిచ్చిన చీటీలో సంస్థ పేరు, ఒక ఫోను నంబరు తప్ప మరేమీ లేవు. దారిలో సామాను వేరే బండిలోకి మార్చారు. ఐదవరోజున హైదరాబాదులో ఇంటిముందు నిలిచి సామాను ఎక్కువైందని, సరిహద్దు పన్ను కట్టామని, మూడవ అంతస్తు కనుక కళాసీలకు వేరే ఇవ్వాలని, మరి పదకొండువేలు అడిగారు. పసిబిడ్డతో రోడ్డుమీద నిలబడిన ఆ తల్లిదండ్రులు బేరమాడి తొమ్మిదివేలు ఇచ్చారు. దింపిన తరువాత చూస్తే టీవీ పగిలి ఉన్నది, ఒక అట్టపెట్టె లేదు. మా వద్దకు వచ్చినప్పుడు వారి చేతిలో ఉన్న సాక్ష్యం యూపీఐ చెల్లింపుల వివరం ఒక్కటే.

వారు అడిగిన ప్రతి అదనపు రూపాయికీ ఒక జవాబు ఉన్నది. ఆ జవాబులు మనకు కంఠతా ఉండాలి.

అదనపు వసూళ్లకు చెప్పే సాకులు, వాటికి జవాబులు

మొదటి సాకు, ‘సామాను ఎక్కువైంది’. ఇంటికి వచ్చి గదిగదీ చూసి, లేదా వీడియోలో చూసి, వస్తువుల జాబితా వ్రాసి, ఆ జాబితాకు మొత్తం ధర కట్టించుకొంటే ఈ సాకు చెల్లదు. జాబితాలో లేనిది ఎక్కించి ఉంటే దానికి మాత్రమే అదనం. బరువును బట్టి కిరాయి అన్నప్పుడు ఖాళీ బండి తూకం, లోడు బండి తూకం, రెండు వేబ్రిడ్జి చీటీలూ చూపించమనాలి. 80 కిలోల జీడిబస్తా తూకంలో కిలో తేడా వస్తే ఒప్పుకోని రైతులున్న ప్రాంతం మనది. మన సొంత సామాను తూకాన్ని మాత్రం నోటిమాటగా ఎందుకు ఒప్పుకోవాలి?

రెండవ సాకు, ‘సరిహద్దు పన్ను’. ఇచ్ఛాపురం దాటి ఒడిశా వెళ్లేవారికీ, తెలంగాణ వెళ్లేవారికీ ఇది తరచుగా చెప్పే అబద్ధం. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చిన తరువాత సరుకులపై పన్ను వసూలు చేసే సరిహద్దు వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగిపోయాయి. వాడుకొన్న గృహోపకరణాలకు, స్వంత సామానుకు ఈ-వే బిల్లు కూడా అవసరం లేదని నిబంధనలలోనే ఉన్నది. బండి పర్మిట్టు, దానిపై పన్ను అంటే అవి బండి యజమాని ఖర్చులు. మన మంచానికి, బీరువాకు సరిహద్దులో పన్ను లేదు.

మూడవ సాకు, టోలు, డీజిలు. జాతీయ రహదారి 16పైన మడపాం, బెల్లుపడ వంటి టోల్ ప్లాజాలు నిన్న మొన్న వెలసినవి కావు. పలాసనుంచి హైదరాబాదుకు దాదాపు 800 కిలోమీటర్లని, దారిలో ఎన్ని టోలుగేట్లున్నాయో ఆ వృత్తిలో ఉన్నవారికి ముందే తెలుసు. ‘టోలు, డీజిలు, డ్రైవరు బత్తా కలుపుకొని’ అన్న మాట కాగితంమీద ఉంటే చాలు.

నాలుగవ సాకు, అంతస్తులు, ఇరుకు సందులు. పెద్ద బండి సందులోకి రాదు కనుక చిన్న బండి కట్టాలంటారు. ఇందులో కొంత నిజం ఉండవచ్చును. కాబట్టి ఎన్నవ అంతస్తు, లిఫ్టు ఉన్నదా, ఇంటివరకు బండి వస్తుందా అన్నవి మనమే ముందుగా చెప్పి, వాటికయ్యే సొమ్ము వ్రాయించుకోవాలి. మనం దాచితే అది వారికి అవకాశమవుతుంది.

ఐదవది బీమా. సామాను విలువపై మూడు శాతం అని వసూలు చేస్తారు. పాలసీ కాగితం అడిగితే ‘మా బిల్లే బీమా’ అంటారు. బిల్లు బీమా కాదు. బీమా సంస్థ జారీచేసిన పాలసీ, దానిమీద మన పేరు, ప్రయాణపు వివరం, విలువ ఉన్నప్పుడే అది బీమా. పాలసీ చూపలేనివారికి ఆ సొమ్ము ఇవ్వనక్కరలేదు.

ఆరవది జీఎస్టీ. పన్ను అడిగినవారు పన్ను బిల్లు ఇవ్వాలి. జీఎస్టీ సంఖ్యలో 15 అక్షరాంకాలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, ఒడిశాకు 21. జీఎస్టీ అధికారిక వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే ఏ పేరున నమోదైనదో కనబడుతుంది. చీటీమీది పేరు, అక్కడి పేరు ఒక్కటి కాకపోతే ఆ బేరం అక్కడే వదిలివేయండి. పేరున్న పెద్ద సంస్థల పేర్లకు ఒక అక్షరం చేర్చి, ఒక అక్షరం తీసి బోర్డు కట్టుకొనేవారు దేశమంతటా ఉన్నారు. మనం నమ్మవలసినది పేరును కాదు, నమోదును.

చట్టం ఏమంటున్నది

సరుకు రవాణాకు 1865 నాటి పాత చట్టం స్థానంలో రోడ్డు మార్గ సరుకు రవాణా చట్టం, 2007 వచ్చింది. అది 2011 మార్చి 1నుంచి అమలులో ఉన్నది. రసీదుమీద ప్రజల సరుకును సేకరించి, నిల్వచేసి, చేరవేసే వ్యాపారం చేసేవారు ఈ చట్టం కింద రవాణా అధికారులవద్ద నమోదు కావాలి. సరుకు అప్పగించేవారు వివరాలతో ఫార్వర్డింగ్ నోటు ఇవ్వాలి, పుచ్చుకొన్నవారు రసీదు ఇవ్వాలి. లారీ రసీదు అని, బిల్టీ అని మనం అనేది దానినే.

ఇందులో మూడు సంగతులు సామాన్య కుటుంబానికి ముఖ్యమైనవి. ఒకటి, సామాను పోయినా పాడైనా రవాణాదారుని బాధ్యతకు నిబంధనలు పరిమితి పెట్టాయి. ఎక్కువ విలువను ముందుగా ప్రకటించకపోతే ఆ పరిమితి కిరాయికి పదిరెట్లు. కాబట్టి ఖరీదైన వస్తువులుంటే వాటి విలువను నోటులో వ్రాయాలి. రెండు, నష్టంపై దావా వేయదలిస్తే బుక్ చేసిన తేదీనుంచి 180 రోజులలోగా రవాణాదారునికి వ్రాతపూర్వకమైన నోటీసు అందాలి. ఫోనులో ఎంత పోట్లాడినా అది నోటీసు కాదు. మూడు, సామాను వచ్చిందని నోటీసు ఇచ్చిన తరువాత 30 రోజులలో విడిపించుకోకపోతే, దానిని ఎవరూ కోరని సరుకుగా భావించి అమ్ముకొనే వీలు రవాణాదారునికి కలుగుతుంది. కోపంతో ‘నీ దగ్గరే ఉంచుకో’ అని వచ్చివేయడం మనకే నష్టం.

మరొక నిజాన్ని కూడా దాచకుండా చెప్పాలి. నిజంగా బాకీ ఉన్న కిరాయికోసం సామాను అప్పగించకుండా ఆపుకొనే హక్కు రవాణాదారునికి కొంతమేరకు ఉన్నది. అందుచేత ఒప్పుకొన్న సొమ్మును సిద్ధంగా ఉంచుకొని, ‘ఇదిగో, ఒప్పందం ప్రకారం ఇవ్వవలసినది ఇస్తున్నాము’ అని సందేశంలో వ్రాసి పంపడం మన వంతు. అలా ఇవ్వబోయిన తరువాత కూడా, కల్పించిన లెక్కకోసం సామాను ఆపితే అది హక్కు కాదు, బెదిరింపు.

అమెరికాలో సైతం ఈ మోసం ఉన్నది. అక్కడ దానిని సామానును బందీగా పట్టడం అంటారు. ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి తరలించేటప్పుడు ధర ఖాయం కాని అంచనా ఇచ్చిన సంస్థ, సామాను అప్పగించే సమయంలో ఆ అంచనాకు 110 శాతానికి మించి పట్టుబట్టరాదని అక్కడి కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఖాయమైన అంచనా ఇచ్చి ఉంటే ఆ మొత్తమే. ఇటువంటి స్పష్టమైన హద్దు మన నిబంధనలలో కూడా రావాలని కోరడం ఈ వేదిక చేయవలసిన పని. అది వచ్చేవరకు ఆ హద్దును మన ఒప్పందంలో మనమే వ్రాసుకోవాలి: ‘జాబితా మారనంతవరకు ఈ ధర మారదు’ అని.

లోడుకు ముందు, లోడు నాడు

కనీసం ముగ్గురిని అడగండి. అందులో ఒకరైనా మన ప్రాంతంలో ఆఫీసు ఉన్నవారై ఉండాలి. ఆ ఆఫీసును కంటితో చూడండి. మిగిలినవారందరికన్నా బాగా తక్కువ చెప్పినవాడు మనమీద దయతో తగ్గించడు, తరువాత పెంచుదామనే తగ్గిస్తాడు. మొత్తం సొమ్ము ముందుగా అడిగినవారిని దూరంగా ఉంచండి. బయానా తక్కువగా, మిగిలినది సామాను దించి సరిచూసుకొన్న తరువాత అన్న పద్ధతిమీద నిలబడండి. సొమ్ము సంస్థ ఖాతాకు పోవాలి, ఎవరో వ్యక్తి ఫోను నంబరుకు కాదు.

ఒప్పందం ఒక్క పేజీ చాలు. సంస్థ పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీ సంఖ్య, బయలుదేరే చోటు, చేరే చోటు, అంతస్తు, సామాను జాబితా, మొత్తం ధర, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో, బండి మనకొక్కరికేనా, ఇతరుల లోడుతో కలిసినదా, దారిలో బండి మారుస్తారా, అప్పగించే తేదీ, ఆలస్యమైతే ఏమిటి, ఇల్లు సిద్ధంగా లేకపోతే ఆగుదలకు రోజుకెంత. ఈ చివరి అంశాన్ని మనవారు తప్పకుండా వ్రాయించుకోవాలని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. అద్దె అగ్రిమెంటు చేతికి వచ్చేవరకు లోడు తేదీ ఖాయం చేయకండి. తప్పనిసరి అయితే ఆ ఊరిలో ఒక బంధువు ఇంటినో, తెలిసినవారి గోదామునో రెండవ చిరునామాగా పెట్టుకోండి.

లోడునాడు పగటివేళనే పని జరగాలి. బండి నంబరు, డ్రైవరు లైసెన్సు ఫోటో తీసుకోండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండికి ఫిట్‌నెస్, బీమా ఉన్నవా లేవా తెలుస్తుంది. ప్రతి పెట్టెకు అంకె వేయండి. టీవీ, ఫ్రిజ్, బీరువా వంటివాటిని కట్టకముందు, కట్టిన తరువాత ఫోటోలు తీయండి. ఖాళీ కాగితంమీద సంతకం పెట్టకండి. పలాస-కాశీబుగ్గలో ఒక్క జీడిపప్పు డబ్బా కూడా చీటీ లేకుండా షెడ్డు దాటదు. ఎన్ని డబ్బాలు, ఏ రకం, ఏ లారీ, ఎవరికి అన్నది వ్రాయకుండా ఏ వ్యాపారీ సరుకు పంపడు. ఆ షెడ్లలో పిక్కలు ఒలిచే తల్లులే ఇల్లు మారేటప్పుడు తమ యావదాస్తినీ చీటీ లేకుండా పంపుతున్నారు. వ్యాపారి జాగ్రత్త మన ఇంటికీ రావాలి.

కొన్ని వస్తువులు లారీ ఎక్కనే కూడదు. బంగారం, నగదు, ఆధార్, రేషన్ కార్డులు, పాస్‌పోర్టులు, భూమి దస్తావేజులు, పిల్లల టీసీలు మీ చేతిసంచిలో ఉండాలి. కిడ్నీ రోగులున్న ఇంట్లో మందులు, రక్తపరీక్షల కాగితాలు, డయాలిసిస్ ఫైలు మనిషితోనే ప్రయాణించాలి. లారీ ఐదు రోజులు ఆగినా ఆ మనిషికి వైద్యం ఆగకూడదు.

సామాను తక్కువైతే లారీయే అవసరం లేకపోవచ్చును. మోటారు సైకిలును రైల్వే పార్సిలులో పంపవచ్చును. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు ఉండాలి, పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. పెట్టెలు, పుస్తకాలు, బట్టలు ఆర్టీసీ పార్సిల్ సర్వీసులో పంపవచ్చును. పలాసలో, టెక్కలిలో డిపోలున్నాయి. ప్రభుత్వ రసీదు చేతిలో ఉంటుంది, ధర ముందే తెలుస్తుంది.

చివరిగా ‘మనవాడే కదా, కాగితమెందుకు’ అనే మాట. తెలిసినవాని ద్వారా వచ్చిన బ్రోకరు, మన భాషలో పలకరించిన ఏజెంటు, మన వీధిలోనే ఒకప్పుడు ఉన్న వ్యక్తి, వీరిని కాగితం అడగడం మనకు మొహమాటం. కాగితం అడగడం అనుమానం కాదు. రేపు మనం ‘ఇంకా తక్కువన్నారు’ అని మాట మార్చకుండా అది అతనిని కూడా కాపాడుతుంది. నిజాయితీపరుడు కాగితానికి నొచ్చుకోడు.

సామాను ఆపివేసినప్పుడు

ఇంత జాగ్రత్తపడినా ఆపద రావచ్చును. అప్పుడు క్రమం తప్పకుండా చేయవలసినవి చెబుతాము.

ముందు అరవకండి, చేయి చేసుకోకండి. కొత్త ఊరిలో గొడవ జరిగితే తప్పు మనమీదికి రావడానికి ఎంతోసేపు పట్టదు. అడిగిన అదనపు సొమ్మును పద్దులవారీగా సందేశంలో వ్రాయమనండి. వ్రాయడానికి చాలామంది జంకుతారు, అక్కడే సగం తగ్గుతుంది. ఒప్పందం ప్రకారం బాకీ ఉన్న సొమ్మును ఇవ్వబోతున్నట్లు మీరు వ్రాసి పంపండి. బండి నంబరు, నిలిచిన చోటు, సమయం ఫోటో తీయండి.

తరువాత 112కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915లో ఫిర్యాదు నమోదు చేయించి సంఖ్య వ్రాసుకోండి. బయానా పుచ్చుకొని మాయమైన ఆన్‌లైన్ మోసమైతే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఖాతా దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

పోలీసు ఠాణాలో ‘ఇది సివిల్ తగాదా’ అని పంపివేయవచ్చును. అప్పుడు వినయంగానే, వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 మోసానికి, సెక్షన్ 308 బెదిరించి సొమ్ము గుంజడానికి వర్తిస్తాయి. సెక్షన్ 316లో రవాణాకు అప్పగించిన ఆస్తి విషయంలో నమ్మకద్రోహం చేసిన రవాణాదారునికి ఏడేళ్లవరకు శిక్ష ఉన్నది. సంఘటన ఏ ఠాణా పరిధిలో జరిగినా ఫిర్యాదు నమోదు చేసుకొని, తరువాత సంబంధిత ఠాణాకు పంపే జీరో ఎఫ్‌ఐఆర్ విధానం ఇప్పుడు చట్టంలోనే ఉన్నది. ఠాణా గుమ్మం తొక్కడానికి మనలో చాలామందికి జంకు. పేరు చెప్పగానే ఎలా చూస్తారో అన్న భయం ఊరికే పుట్టినది కాదని మాకు తెలుసు. అయినా ఒంటరిగా వెళ్లకుండా స్థానికంగా తెలిసిన ఇద్దరిని, వీలైతే ఒక న్యాయవాదిని తోడు తీసుకొని కాగితంతో వెళ్లినవారి మాటకు బరువు ఉంటుంది.

పిల్లలు, రోగులు ఉండి గత్యంతరం లేక అదనం ఇవ్వవలసివస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ‘అభ్యంతరంతో, సామాను విడిపించుకోవడానికి మాత్రమే ఇస్తున్నాము’ అని సందేశం పంపండి. సామాను దించిన వెంటనే పెట్టెల అంకెలు సరిచూసి, పోయినవి, పగిలినవి వారి రసీదుమీదనే వ్రాసి సంతకం పెట్టండి. ‘అన్నీ సరిగా అందినవి’ అని ముందే అచ్చువేసి ఉంటే దానిని కొట్టివేయండి.

ఆపైన దావా. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మనం నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదుకు మారినవారు అక్కడ, ఇక్కడ ఉన్నవారు శ్రీకాకుళంలో. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకపోయినా మనమే వాదించుకోవచ్చును. గడువు రెండేళ్లు. అయితే ఇందాక చెప్పిన 180 రోజుల నోటీసును మాత్రం మరువకండి.

ఉచిత న్యాయసహాయంకోసం 15100కు ఫోన్ చేయవచ్చును, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చును. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయాలి. మైనారిటీలమన్న ఒక్క కారణంతో ఉచిత న్యాయసహాయం రాదు. కాని మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉన్నది. తక్కువ ఆదాయం ఉన్నవారికి, వికలాంగులకు, విపత్తు బాధితులకు కూడా ఉన్నది. కాబట్టి ఒప్పందంమీద ఇంటి ఇల్లాలి సంతకం కూడా ఉంటే మంచిది. రోడ్డు మార్గాన సరుకుల రవాణా ప్రజోపయోగ సేవలలో ఒకటి కనుక శాశ్వత లోక్ అదాలత్ కూడా ఇటువంటి వివాదాలను విచారించగలదు.

మనం చేయగలిగినది

చట్టం దూరంగా ఉంటుంది, లారీ గుమ్మంలో ఉంటుంది. ఆ మధ్యదూరాన్ని తగ్గించవలసినది మనమే. మేము ప్రతిపాదించేవి మూడు.

ఒకటి, ఇందాక చెప్పిన ఒక్కపేజీ ఒప్పందాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చువేయించి ప్రతి మొహల్లాలో అందుబాటులో ఉంచుదాము. రెండు, ఒక రిజిస్టరు పెడదాము. ఎవరు, ఎక్కడికి, ఏ బండిలో, ఎంతకు వెళ్లారు, చివరకు ఎంత ఇచ్చారు, సామాను క్షేమమా అన్నది వ్రాద్దాము. బాగా చేసినవారి పేరు పదిమందికి చెబుదాము. రెండేళ్లు శ్రద్ధగా వ్రాస్తే ఏ ప్రకటనా ఇవ్వలేని సమాచారం మనచేతిలో ఉంటుంది. ఇది మనవారికి మాత్రమే కాదు, పక్కింటి కొబ్బరి రైతుకూ, తీరంలోని మత్స్యకారునికీ పనికివస్తుంది. అందరికీ తెరిచే ఉంచుదాము. మూడు, చదువుకొన్న యువకులు లోడునాడు రెండు గంటలు ఆ ఇంటివద్ద కూర్చొని జాబితా వ్రాయాలి, ఫోటోలు తీయాలి. సామాను మోయడానికి సాయం చేసే చేతులు మనకు ఎప్పుడూ కొరత లేదు. ఇప్పుడు కావలసినది వ్రాసే చేయి.

పొట్టకూటికోసమో, వైద్యంకోసమో, పిల్లల చదువుకోసమో ఊరు విడిచేవారు అప్పటికే సగం బెంగతో ఉంటారు. కొత్త ఊరిలో వారి మొదటిరోజు లారీ తలుపు ముందు బ్రతిమాలడంతో మొదలుకాకూడదు. రిజిస్టరు ఈరోజే తెరుస్తున్నాము. రాబోయే రెండు నెలలలో ఇల్లు మారబోయేవారు ఈ సభలో ఉంటే, వెళ్లేముందు తమ పేరు, చేరవలసిన ఊరు వ్రాయించి, ఒప్పందపు కాగితం ఒకటి తీసుకొని వెళ్లవలసిందిగా ప్రార్థన.